చల్లకొండ మీద విసనకర్రలు

అనగనగా సముద్రం ఒడ్డున, తాటితోపుల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరాజని ఒక కుర్రాడు. వాడి దగ్గర ఉన్నది వంద రూపాయలూ, వాళ్ళమ్మ పైడమ్మ తాటాకుతో అల్లిన నలభై విసనకర్రలూ. అంతే, కన్నా, ఇంకేం లేదు.

ఆ యేడు రోహిణి కార్తెకి రోళ్ళు పగిలాయి. అప్పుడు వాళ్ళ మేనమామ వచ్చి, "ఒరే అల్లుడూ, ఇవి అమ్ముడైతే సరే. లేదంటే నా వెంట ఇటుకబట్టీకి వచ్చెయ్" అన్నాడు. అమ్మని వదిలి ఆ సెగలో బతకడమంటే నూకరాజుకి బెంగ.

అప్పుడు వాడు లెక్క వేశాడు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ విసనకర్రలున్నాయి. జనమేమో బస్సులెక్కి జలపాతాల కొండకి పోతున్నారు. కింద ఉన్న మనకే ఇంత ఎండైతే, సూర్యుడికి అంత దగ్గరగా ఉన్న కొండ ఇంకెంత మండిపోవాలి? వాడెన్నడూ కొండెక్కి ఎరగడు మరి. ఉన్న వందా టికెట్టుకి పోశాడు.

బస్సు మలుపు తిరిగింది, గాలి చల్లబడింది. ఇంకో మలుపు తిరిగింది, ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత జలపాతం దగ్గర దిగేసరికి వాడి పళ్ళు టకటకలాడాయి. పాలు పొంగినట్టు తెల్లగా దూకుతున్నాయి నీళ్ళు. అంత చల్లదనం వాడు పుట్టి ఎరగడు. కానీ మూట వంక చూసుకుంటే ఏడుపొచ్చింది.

ముందు ఒక కొత్త పెళ్ళికొడుకుని అడిగాడు. తడిసి వణుకుతున్న అతను, "దుప్పటి ఉంటే చెప్పు బాబూ" అన్నాడు. ఆ తర్వాత మఫ్లరు చుట్టుకున్న ఒక తాతగారిని అడిగాడు. "నువ్వు విసిరితే, నన్ను కిందికి మోసుకుపోయేది కూడా నువ్వే" అన్నాడాయన. ఆ తర్వాత ఒక కోతి వచ్చి, ఒక విసనకర్ర లాక్కుని, వాసన చూసి, తనకీ వద్దని పారేసింది.

ఆ పక్కనే బుద్రమ్మ అనే ఆ కొండ ఊరామె మొక్కజొన్న కండెలు కాలుస్తోంది. జలపాతం తుంపరలకి బొగ్గులు చెమ్మగిల్లి ఒకటే పొగ. ఊదీ ఊదీ ఆమె బుగ్గలు పీకుతున్నాయి.

"ఉండప్పా, నేను చూస్తాను" అని నూకరాజు విసనకర్ర తీసి విసిరాడు. బొగ్గులు ఎర్రగా కళ్ళు తెరిచాయి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వచ్చి చలి కాచుకున్నారు. తాతగారూ వచ్చి కండె అడిగాడు.

"ఏటి తమ్ముడూ, చలికొండకి విసనకర్రలు తెచ్చినావా? నీయంత తెలివైనోడు మా కొండమీద లేడు" అని నవ్వింది బుద్రమ్మ. నవ్వుతూనే మంచి కండె ఒకటి వాడి చేతిలో పెట్టింది. ఆ తర్వాత అక్కడ కండెలు కాల్చే ప్రతి పొయ్యి దగ్గరికీ వాణ్ణి తీసుకెళ్ళింది. పొద్దు వాలేసరికి మూట ఖాళీ. కోతి వద్దన్నది కూడా అమ్ముడైంది. ఇటుకబట్టీ బెంగ తీరింది.

నూకరాజు బుద్రమ్మకి దండం పెట్టాడు. జలపాతానికీ పెట్టాడు. "నీ తుంపరలే లేకపోతే నా విసనకర్ర ఎవరిక్కావాలి తల్లీ" అని దోసిలి నిండా నీళ్ళు తాగాడు.

ఈసారి మాత్రం బుద్రమ్మని ముందే అడిగాడు. "అప్పా, వానల్లో మీకేం కావాలి?"

"తల తడవకుండా తాటాకు గిడుగులు. ఇంటికి రెండైనా కావాలి."

అప్పుడు నూకరాజు కొండమీది ఇళ్ళు లెక్కపెట్టుకుంటూ, అమ్మ దగ్గరికి పోయే బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు.

కథ కంచికి,
చినుకు ఏటికి,
కునుకు నీ కంటికి.