హాలు చుట్టూ పెట్టె

కాత్యాయని కట్టిన హాలు మళ్లీ కారింది.

కట్టింది కంప్యూటర్లో. హాలుకున్న ప్రతి మూలకీ ఒక చుక్క, చుక్కకి పొడవు, వెడల్పు, ఎత్తు. ఏయే చుక్కలు కలిస్తే ఏ గోడో వరసగా రాయాలి. స్తంభం ఒకటి రాస్తే మిగతావాటిని సాఫ్ట్‌వేరే నిలబెట్టుకుంటుంది. ఆ రాత చదువుకుని అది హాలు కట్టి, శబ్దాన్ని కిరణాలుగా వదిలి, ఒక మాట అందులో ఎంతసేపు మోగుతుందో చెబుతుంది. చెప్పాలి. పొద్దుట్నుంచీ అది చెబుతున్నది మాత్రం ఒకటే: కిరణాలు బయటికి పోతున్నాయి, ఎక్కడో కంత ఉంది.

ఎక్కడే తల్లీ అని స్క్రీనుని బతిమాలింది. తిట్టింది. తను రాసుకొచ్చిన కొలతలతో చుక్కలన్నీ మొదట్నుంచీ సరిచూసింది. అయినా కారింది.

ఆ హాలు కూతురు హారిక చదివే బడిది. హారిక చెవికి మిషను పెట్టుకుంటుంది. క్లాసుల్ని హాల్లోకి మార్చిన దగ్గర్నుంచీ పిల్లకి టీచరు గొంతు వినిపిస్తోంది, మాట తెలియడం లేదు. అలాంటి పిల్లలు ఇంకొందరున్నారు. వాళ్లను వేరే బడికి మార్చుకోమంటోంది బడి కమిటీ. తప్పు పిల్లల చెవులది కాదు, హాలుది అని పోయిన మీటింగులో కాత్యాయని గొంతు చించుకుంది. తల్లి మనసు కదా, అలాగే అనిపిస్తుందిలెండి అన్నారు. అయితే లెక్కతోనే వస్తానంది. ఆ మీటింగు రేపు.

అందుకే హాషిం సాహెబు దగ్గర చేరింది. కర్నూలు చుట్టుపక్కల ఎన్ని కళ్యాణమంటపాల్లోనో మోత తగ్గించిన మనిషి ఆయన. ఇప్పుడు ఇంటి ముందు గదిలో ఒకరిద్దరికి ఈ పని నేర్పుతారు. నేర్పుతారంటే, పక్కన కూర్చుని పేపరు చదువుకుంటారు. కంత ఎక్కడుందో మీరైనా చూడండి సార్ అంటే, కట్టింది నువ్వు కదమ్మా అని పేజీ తిప్పారు.

మధ్యాహ్నానికి ఆమెకి విసుగు నషాళానికెక్కింది. హాలు మొత్తం లోపల పట్టేలా చుట్టూ పెద్ద పెట్టె ఒకటి రాసిపడేసింది. నాలుగు గోడలు, పైన మూత, కింద నేల. ఇంకెక్కడికి పోతారో పొండి అనుకుంది.

ఒక్క కిరణమూ బయటికి పోలేదు. పైగా వచ్చిన అంకె చూసి ఆమె మొహం వెలిగింది. మాట అంతసేపు మోగే చోట ఎవరికీ ఏమీ అర్థం కాదు. కమిటీ నోరు మూతపడాల్సిందే.

సాహెబు కళ్లజోడు సర్దుకుని చూశారు.

"చుట్టూ ఇదేమిటమ్మా?"

"పెట్టె సార్. కారడం ఆగిపోయింది."

ఆయన పేపరు మడిచి లేచారు. లోపలికెళ్లి టీ తెచ్చారు. గాజు గ్లాసుని స్టీలు గిన్నెలో నిలబెట్టి చేతికిచ్చారు. కాత్యాయని స్క్రీను మీంచి చూపు తిప్పకుండానే అందుకుంది. కాసేపటికి చూస్తే గ్లాసులో టీ సగమే ఉంది. మిగతాది గిన్నెలో ఉంది. గ్లాసు అడుగున సన్నటి పగులు.

"సార్, ఇది కారుతోంది."

"బల్ల మీద పడిందా?"

"లేదు."

"మరింకేం. తాగు."

మళ్లీ పేపరు విప్పుకున్నారు. ఆమెకి ఒళ్లు మండింది. రేపు మీటింగు పెట్టుకుని ఇవేం వేళాకోళాలని అడగబోయింది. గ్లాసు పైకెత్తింది. టీ బొట్లుబొట్లుగా చీర మీద పడింది. దాన్ని అలాగే పట్టుకుని స్క్రీను మీది పెట్టెకేసి చూసింది.

తర్వాత పెట్టె చెరిపేసింది.

కిరణాలు మళ్లీ పోయాయి. ఈసారి తిట్టలేదు. ఎటు పోతున్నాయో గీసి చూపించమంది. అన్నీ ఒక్కచోటి నుంచే పోతున్నాయి. స్టేజీకి ఎడమపక్క, పైకప్పు గోడని కలిసే మూల. కొలతలు తీసిన రోజు అక్కడికి నిచ్చెన అందలేదు. కుడిపక్క గోడ ఎత్తే ఎడమగోడకీ రాసుకొచ్చేసింది. కప్పునేమో వాలు లెక్కకట్టి రాసింది. రెండూ కలవలేదు.

సాయంత్రం బడికి వెళ్లి పొడుగు నిచ్చెన వేయించుకుని ఎక్కింది. కొలిచింది. దిగి స్టేజీ మెట్ల మీదే లాప్‌టాప్ తెరిచి దిద్దింది. హాలు కారలేదు.

అంకె తగ్గింది. ఉండాల్సినదానికంటే ఇప్పటికీ ఎక్కువే. కానీ పెట్టె మోత కూడా కలిసి మధ్యాహ్నం వచ్చినంత కాదు. సాహెబుకి ఫోన్ చేసింది.

"తగ్గింది సార్. ఇది చూపిస్తే పిల్లల్నే సర్దుకోమంటారేమో."

"ఇప్పుడు రాసింది ఆ హాలేనా?"

ఆమె తలెత్తి ఆ మూలకి చూసింది. "ఇదే సార్," అంది. ఖాళీ హాలు ఆ మాటని పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

ఫోన్లో ఆయన ఆ మోత అణిగేదాకా ఆగారు.

"రేపు మీటింగు ఎక్కడ?"

"ఆఫీసు రూములో సార్."

"హాల్లో పెట్టమను."