సున్నాలో పట్టని పేరు

మహారాజుకు ఒక్క చూపులో రాజ్యం సంగతి తెలియాలని ముగ్గుల పోలమ్మ కొలువు నేల మీద సీమకో సున్నా చుట్టి, ఆ సీమల అధికారుల పేర్లు రాసింది. కుడికి జరిగేకొద్దీ కోటకు దూరం, పైకి వెళ్లేకొద్దీ పంట ఎక్కువ. రాజుగారు రాకముందే ఏటిసీమ అధికారి వచ్చాడు. ఆయన పేరు వీరబసవ నరసింగ భూపతి. మీసం కన్నా పేరే పొడుగు.

"అందరి పేర్లూ లోపలుంటే నా పేరు బయట రాస్తావా?"

"మీ సున్నా చిన్నదయ్యా, లోపల పట్టలేదు."

"పట్టేంత పెద్దది చుట్టు!"

"అయ్యా, సున్నా ఎంతుండాలో దానికో లెక్క..."

"ఎదురు చెబితే రేపట్నుంచి కోట గడప తొక్కవు!"

పోలమ్మ బండిచక్రమంత సున్నా చుట్టి, లోపల ఆయన పేరు రాసింది.

రాజుగారు వచ్చి దాని ముందే ఆగారు. "ఇంత పెద్ద సున్నా దేనికి గుర్తు, పోలమ్మా?"

"ఈ ఏడు ఆ సీమలో జరిగిన దొంగతనాలకు, మహాప్రభూ."

భూపతి గబుక్కున ముందుకొచ్చాడు. "కాదు ప్రభూ! నాది గోలీకాయంతే! పేరు పట్టాలని నేనే బెదిరించి పెద్దది చేయించాను!"

రాజుగారు పకపకా నవ్వి ఆయన చేతికే చీపురు ఇప్పించారు. పోలమ్మ మళ్లీ చిన్న సున్నా చుట్టింది.

"పేరు బయటే రాస్తానయ్యా. లోపల పట్టాలంటే మీ సీమలో ఇంకా చాలా ఇళ్లకు కన్నాలు పడాలి!"