చెంగి మడిచిన కాలు

అనగనగా ఒక అడవిలో, మందంతా కొండెక్కి వెళ్ళిపోతే వాగు ఇవతల ఒంటరిగా మిగిలిపోయిన దుప్పి పిల్ల ఒకటి ఉండేది. పేరు చెంగి. పుట్టిన మర్నాడే చెంగున దూకిందని వాళ్ళమ్మ ముచ్చటపడి పెట్టుకున్న పేరది.

మంద ఇంకా ఇక్కడే ఉన్నప్పుడు ఒకసారి చెంగి ముందు కాల్లో పెద్ద ముల్లు దిగింది. ముల్లు ఊడింది, పుండూ మానింది. కానీ నొప్పిగా ఉన్నన్నాళ్ళూ ఆ కాలు మడిచి మూడు కాళ్ళతో గెంతడం అలవాటైపోయింది. మానాక కూడా, అడుగు వేయబోతే చాలు, "వద్దు, నొప్పెడుతుంది, మడిచెయ్" అని బుర్ర ముందే చెప్పేసేది. బుర్రకేం, సుళువైన దారి చూపించి ఊరుకుంటుంది. చెంగి కూడా సరేనని మడిచేసేది.

ఎండలు ముదిరి గడ్డి మాడిపోయింది. మంద వాగు దాటి కొండ మీదికి బయల్దేరింది. లోతైన నీళ్ళ మధ్య ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి దూకుతూ దాటాలి. మూడు కాళ్ళతో అయ్యే పని కాదది. అమ్మ ఆగిపోదామనుకుంది. కానీ పాలు తాగే చంటి తమ్ముడున్నాడు, మేత లేకపోతే వాడికి పాలుండవు. వానలకు వాగు పొంగేలోపు ఎలాగైనా వచ్చెయ్యమని చెప్పి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది.

రోజూ సాయంత్రం కొండ మీంచి అమ్మ పిలుపు వినిపించేది. ఆ పిలుపు ఆగిపోయాక కూడా చెంగి అటే చూస్తూ నిలబడేది. అమ్మ తన మెడ నాకడం గుర్తొచ్చి మేత సయించేది కాదు.

వాగు ఒడ్డున గులకరాళ్ళ మధ్య ఒక తీతువు పిట్ట గుడ్లు పెట్టుకుంది. ఒకనాడు నక్క ఆ గుడ్ల వైపు వచ్చింది. తీతువు రెక్క విరిగినదానిలా ఈడ్చుకుంటూ, నక్కను ఆశపెట్టి చాలా దూరం తీసుకుపోయి, తుర్రున ఎగిరొచ్చేసింది. చెంగి నోరెళ్ళబెట్టింది. విరిగిన రెక్కతో ఎలా ఎగిరావని అడిగింది.

"విరిగితే కదా," అంది తీతువు. "నేను నక్కను మోసం చెయ్యడానికి కుంటుతాను. నువ్వు నిన్నే మోసం చేసుకుంటున్నావు తల్లీ. నీ కాలు ఎప్పుడో బాగైంది."

చెంగికి ఒళ్ళు మండింది. అపశకునం పిట్టకి నా కాలి సంగతేం తెలుసని గొణుక్కుంది. సాయంత్రం అమ్మ పిలుపు వినగానే ఆ కోపమంతా ఏడుపైపోయింది. ఏడుస్తూనే కాలు కింద పెట్టి చూసింది. నొప్పి లేదు, వణుకుంది.

మొదట మెత్తటి ఇసకలో నడిచింది. తర్వాత గులకరాళ్ళ మీద నడిచింది. మడిచెయ్, మడిచెయ్ అని బుర్ర ఒకటే పోరు. విన్నాలే అనుకుని చెంగి కాలు కిందే ఉంచేది. ఒకరోజు నక్క ఊళకు హడలిపోయి, తనకే తెలియకుండా మళ్ళీ మూడు కాళ్ళ మీద పరిగెత్తింది. ఇన్నాళ్ళ కష్టం మట్టిపాలైందని దిగులుపడింది. అయినా మర్నాడు మళ్ళీ ఇసక దగ్గరికే వెళ్ళింది. మెల్లమెల్లగా ఒడ్డున ఉన్న బండ ఎక్కి దిగడం మొదలుపెట్టింది. సన్నబడిపోయిన కాలికి కాస్త కండ పట్టింది.

ఆకాశం నల్లగా కమ్మిన రోజున చెంగి వాగులోని మొదటి బండ మీద నిలబడింది. బుర్ర ఎప్పటి పాటే అందుకుంది. చెంగి నాలుగు కాళ్ళూ గట్టిగా ఆనించి దూకింది. ఇంకో బండ, ఆపైన ఇంకొకటి. అవతలి ఒడ్డు చేరి, ఆగకుండా కొండెక్కింది.

పైన దారి పక్కనే అమ్మ మేస్తోంది. గిట్టల చప్పుడు విన్నది కానీ తలెత్తలేదు. వేసవంతా అమ్మ మూడు కాళ్ళ చప్పుడు కోసమే చెవులు రిక్కించి ఎదురుచూసింది. ఇది నాలుగు కాళ్ళ చప్పుడు, మందలో వాళ్ళెవరో అనుకుంది.

"అమ్మా, నేనే," అంది చెంగి.

నీతి: సుళువుగా ఉందని బుర్ర చెప్పినట్టల్లా వింటే ఒంటికి బలం రాదు, బుర్ర వద్దంటున్నా రోజూ కాస్త కష్టపడితే, మనసు కోరుకున్న చోటికి ఒళ్ళే తీసుకెళ్తుంది.