గవరయ్య చేతిలో గెలుపు

బొడ్డేటి వారింట్లో తెలివికి కరువు లేదు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనరు గాని, వాళ్ళే పొద్దున్నా సాయంత్రమూ అనుకుంటారు. "మన తెలివి గడప దాటకుండా చూసుకోవాల, ఊరోళ్ళ దిష్టి మంచిది కాదు" అంటుంది తల్లి నూకాలమ్మ. పాపం, అది ఒక్కనాడూ గడప దాటింది లేదు.

ఆమె కొడుకు గవరయ్యకి టేబుల్ టెన్నిస్ అంటే ప్రాణం. ఆటే అతన్ని దగ్గరికి రానివ్వదు. ఏటా క్లబ్బు పోటీలో అక్క మొగుడు సింహాద్రి చేతిలో ఓడిపోతాడు. ఈ ఏడు సింహాద్రి పందెం కట్టాడు. "ఈసారీ ఓడితే నీ బ్యాటు నాదిరా. మీ అక్క దాంతో అట్లు తిరగేసుకుంటాది." అది నాన్న కొనిపెట్టిన బ్యాటు. తలుచుకుంటే గవరయ్యకి ముద్ద దిగలేదు.

క్లబ్బులో ఆట నేర్పే డ్రిల్లు మేష్టారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన కాసేపు ఆడించి చూసి, "నీ ఫోర్‌హ్యాండ్ బాగుపడాలయ్యా" అన్నారు.

గవరయ్య ఆ మాట ఇంట్లో చెప్పాడు. అతని పెళ్ళాం రామలక్ష్మి ఐదో తరగతి పాసైన మనిషి. "ఫోరంటే నాలుగు, హ్యాండంటే చెయ్యి. నీకున్నవి రెండే కద మావా! మిగతా రెండూ నానిస్తాను" అంది. అంతే! మర్నాడు మొగుడూ పెళ్ళాం చేతికో బ్యాటు పట్టుకుని బల్ల ముందు నిలబడ్డారు. వచ్చిన బంతిని నాలుగు చేతులూ ఒక్కసారే కొట్టాయి. బంతికేమీ కాలేదు. మేష్టారి కళ్ళజోడు పగిలింది.

"నాలుగు చేతులు కాదమ్మా! కుడివైపు వచ్చిన బంతిని కొట్టే దెబ్బ అది! దానికి ముందు వీడి చెయ్యి తిరగాలి!" అని అరిచారాయన.

ఇంకేముంది! గవరయ్య కుడిచెయ్యి చాపి, దాన్ని ఊరంతా తిప్పాడు. రైలు గేటు దాకా తిప్పి తీసుకొచ్చాడు. చాపిన చెయ్యి చూసి ఒకావిడ గుప్పెడు బియ్యం పోసింది, ఒకాయన అరటిపండు పెట్టాడు. నూకాలమ్మ పొంగిపోయింది. "ఆట ఇంకా మొదలవనేదు, సంపాదన మొదలైపోనాది!"

మేష్టారు తల పట్టుకున్నారు. "పోనీ, బంతి మీద కన్నైనా పెట్టు నాయనా."

రామలక్ష్మి కాటుక తీసి బంతి మీద చక్కగా కన్ను పెట్టింది. ఒంటికన్ను బాగోదని రెండోదీ పెట్టింది. తీరా బల్ల దగ్గర గవరయ్య బ్యాటు ఎత్తి, మళ్ళీ దించేశాడు. "కొట్టలేనండి. పాపం, నా వేపే సూస్తంది."

పోటీ రోజు రానే వచ్చింది. ఎదురుగా సింహాద్రి మీసం మెలేస్తున్నాడు. సర్వీసు గవరయ్యది. కాటుక కళ్ళ బంతి అతని అరచేతిలోనే ఉంది. మేష్టారు దణ్ణం పెట్టినంత పనిచేసి, "ఇంక నేను చెప్పేదేం లేదు. గెలుపు నీ చేతిలోనే ఉంది" అన్నారు.

గవరయ్య ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళకి వచ్చింది! గబుక్కున గుప్పిట బిగించాడు. అంపైరు సర్వీసు చెయ్యమన్నాడు, బతిమాలాడు, విసిగిపోయి ఆట సింహాద్రికి ఇచ్చేశాడు. గవరయ్య కుడిచేతిలోని బ్యాటు బావకిచ్చాడు. నాన్న గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. అయినా పోనీ, గెలుపు చేతిలోనే ఉంది కదా.

ఇంటికెళ్ళి, అమ్మకీ ఆలికీ చూపిద్దామని గుప్పిట విప్పాడు. బంతి కిందపడి టకటకా గెంతుతూ మంచం వైపు పోయింది.

"గెలుపు దాని మీదెక్కి పారిపోతంది! తలుపులెయ్యండి!" అని అరిచాడు గవరయ్య. రామలక్ష్మి చీపురుతో అడ్డుకుంది. నూకాలమ్మ అన్నం గిన్నె పట్టుకుని ఒక్క ఉదుటున దూకి దాని మీద బోర్లించింది. "పట్టీసేనర్రా!"

అంతలో తలుపు చప్పుడైంది. సింహాద్రి. "తీయండత్తా. ఏడుస్తూ వచ్చేశాడు కదా, మనసొప్పలేదు. బ్యాటు తిరిగిచ్చేద్దామని వచ్చాను."

గవరయ్య బ్యాటు గుండెకి హత్తుకున్నాడు. ఇంత మంచి బావ ఎవరికుంటాడు అనుకున్నాడు.

"ఆ గిన్నె కింద ఏటి?" అన్నాడు సింహాద్రి.

"గెలుపు" అన్నారు ముగ్గురూ.

"ఏదీ, ఎత్తండి చూద్దాం."

"అమ్మో! ఎత్తితే ఎగిరిపోదూ?"

ఆ ఇంట్లో అన్నం వండే గిన్నె అదొక్కటే. అంతే! ఆ పూట మొదలు ముగ్గురికీ భోజనం సింహాద్రి ఇంట్లోనే.