గడియ గిన్నె చిల్లు

కోట వాకిట్లో గంట కొట్టి గడియలు చెప్పే గవరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా దివాను మల్లపరాజు నిలబడి గుడ్లురుముతున్నాడు. ఏనుగుల మేత నుంచి గాదెల తాళాల దాకా అన్నీ తానే చూసుకునే మనిషాయన.

"నా పని సగం కాకుండానే సాయంత్రం గంట కొట్టేస్తున్నావు! నీళ్లలో తేలే నీ గిన్నెకు చిల్లు పెద్దది చేశావు. గడియ నిండకుండానే మునుగుతోంది. తల తీయిస్తాను!"

దివాను వెనకే ఉన్న తలారి చేతిలో కత్తి చూసి గవరయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా మాట మీరెలాగూ నమ్మరు దొరా. రేపు పొద్దు పొడిచింది మొదలు మీరే కూర్చుని లెక్కపెట్టండి."

ఎవరినీ నమ్మని దివాను మర్నాడంతా గిన్నె ముందునుంచి కదల్లేదు. గిన్నె ఒకసారి మునిగితే ఒక గడియ, పగటికి ముప్పై గడియలు. పొద్దు గుంకేసరికి గిన్నె సరిగ్గా ముప్పైసార్లే మునిగింది. అప్పుడు గుర్తొచ్చాయి పనులు. పరుగెత్తాడు. ఏనుగులు మేసి ఉన్నాయి. గాదెలకు తాళాలు పడి ఉన్నాయి.

తిరిగొచ్చిన దివానుతో గవరయ్య అన్నాడు: "ఇవాళ మీరు నా ఒక్కడి పనే చేశారు దొరా. రోజూ మా అందరి పనీ చేస్తున్నారు. పొద్దు ఎలా చాలుతుంది?"

దివాను తలారిని పొమ్మని సైగ చేశాడు. ఆ సాయంత్రం గంట గవరయ్యే కొట్టాడు. లెక్క తప్పి రెండు దెబ్బలు ఎక్కువ పడ్డాయి.

దివాను లెక్కపెట్టలేదు.