కంట్రోల్ మీట వదులుకున్న పువ్వు

ఒకప్పుడు కీబోర్డు మీద ఊరికే కూర్చునే మీట ఒక్కటీ లేదు. నొక్కితే చాలు, ప్రతిదీ తెరమీద ఏదో ఒకటి రాసేది. మూలనున్న కంట్రోల్ మీటైతే ఎనిమిది రేకుల పువ్వు వేసేది. పెళ్లిపత్రికల అంచులన్నీ దాని చలవే. ఆ పువ్వును చూసుకుని అది తెగ మురిసిపోయేది. పక్క మీటలతో మాట్లాడటం కూడా దానికి నామోషీ.

ఆ కీబోర్డు పాలకొండలో సుభాషిణి టైపింగ్ షాపులో ఉండేది. ఒక వేసవిలో మంత్రసాని పోలమ్మ రోజూ అక్కడికొచ్చి, తనకు తెలిసిన పురుళ్ల సంగతులు, మందుల సంగతులు చెప్పేది. నలభై రోజులు ఆమె చెప్పింది, సుభాషిణి టైపు చేసింది. ఎనభై ఏళ్ల మనిషి. మళ్లీ చెప్పమంటే ఓపిక లేదు.

చివరి రోజు అక్షరాలు కాస్త పెద్దవి చేద్దామని సుభాషిణి రాతనంతా మౌస్‌తో ఎంచుకుంది. ఇంతలో ఆమె గాజు 'క' మీటకు తగిలింది. అంతే, నలభై రోజుల మాటలూ మాయమై, తెరమీద ఒక్క 'క' మిగిలింది. సుభాషిణికి ఏడుపొచ్చేసింది. పోలమ్మ కుర్చీలో కూలబడింది.

మీటలు తప్పు నీదంటే నీదని గోల పెట్టాయి. అప్పుడు అన్నింటికీ కడగొట్టుదైన జెడ్ మీట, వెనక్కి వెళ్లే దారి తనకు తెలుసంది. కాకపోతే ఎవరో ఒకరు దాని చెయ్యి పట్టుకుని తోడు రావాలి. వచ్చిన వాళ్లు తమ రాతను ఇక ఎప్పటికీ వదులుకోవాలి.

మీటలన్నీ తలలు దించుకున్నాయి. కంట్రోల్ మీట మాత్రం పోలమ్మ ముడతలుపడ్డ చేతులకేసి చూసింది.

"నా పువ్వు తీసేసుకోండి," అంది. "పువ్వు ఇంకెవరైనా వేస్తారు. ఆవిడ మాటలు ఇంకెవరు చెప్తారు?"

రెండు మీటలూ కలిసి కిందికి దిగాయి. తెరనిండా మాటలు తిరిగొచ్చాయి.

సుభాషిణి ఆశ్చర్యపోయి కంట్రోల్ మీటను ఒక్కదాన్నే నొక్కి చూసింది. పువ్వు రాలేదు. పాపం, దీని పనైపోయిందంది. పోలమ్మ నవ్వింది.

"పనైపోవడమేటమ్మా? మూడొందలమందిని ఈ సేతులతో బూమ్మీదకి తెచ్చినాను. ఒక్కలికీ నా పేరు ఎట్టనేదు. అయితే ఏటి? నా సేతులు నేకపోతే ఆ పేర్లెక్కడివి?"

ఆ మాట విన్న కంట్రోల్ మీటకు పువ్వు ఉన్నప్పటికన్నా ఎక్కువ గర్వం కలిగింది. మిగతా మీటలు దాని చెయ్యి పట్టుకోవడానికి వరస కట్టాయి. దాని తోడుతో 'సి' నకలు తియ్యడం, 'ఎస్' రాసినదాన్ని భద్రంగా దాచడం నేర్చుకున్నాయి.

అప్పటినుంచే కంట్రోల్ మీటను ఒంటరిగా నొక్కితే తెరమీద చుక్క కూడా పడదు, జెడ్ చెయ్యి పట్టుకుంటే మాత్రం పోయిన మాటలు తిరిగొస్తాయి. దాన్ని చూసి ఊరికే కూర్చుందనుకోకండి. అది తలెత్తుకుని కూర్చుంది.