ఊదారంగు దీపం

హైమవతికి లోపలి గది తాళంచెవి కావాలి. ఐదేళ్ళుగా ఆమె అడుగుతున్నది అదొక్కటే.

ఆ గది కొండమీది పరిశోధనాలయంలో చిట్టచివర ఉంది. పిచ్చికుక్క కాటుతో మనుషుల్ని చంపే వైరస్‌ని అక్కడ బతికించి ఉంచుతారు, దానికి మందు వెతకడానికి. అది నరాలు పట్టుకుని మెదడుకి ఎలా ఎక్కుతుందన్నదే హైమవతి చదువు. బొమ్మల్లో చూడగలిగినదంతా చూసేసింది. ఇక ఆ గదే మిగిలింది. నెలాఖరుకి ఆమె పరిశోధన గడువు తీరిపోతుంది. ఈలోగా లోపలికి వెళ్ళలేకపోతే ఐదేళ్ళ శ్రమా బూడిదలో పోసిన పన్నీరే.

తాళంచెవి ఆమె గురువు దేవసహాయం గారి దగ్గర ఉంటుంది. ఆయన మాట తక్కువ మనిషి. మూడేళ్ళ కింద ఆయనకి కిడ్నీ మార్చారు. కొత్త కిడ్నీని ఒళ్ళు తరిమెయ్యకుండా రోజూ మందులు మింగుతారు. ఆ మందులు ఒంట్లో రోగాల్ని ఆపే కాపలాని నిద్రపుచ్చుతాయి. అందుకని లోపలి గదికి తను వెళ్ళడం మానేశారు.

"నాకేం భయం లేదు సార్," అంది హైమవతి. "టీకాలన్నీ వేయించుకున్నాను. రక్తంలో యాంటీబాడీలు నిండుగా ఉన్నాయి. జాగ్రత్తల పుస్తకం మొత్తం అప్పజెప్పమన్నా అప్పజెబుతాను."

అప్పజెప్పగలదు కూడా. చదువులో తనకి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకం సంగతి కొండకింద బస్టాండు దాకా తెలుసు.

ఆయన వాదించలేదు. బయటి గదిలో బల్లమీద పన్నెండు చిన్న గాజుగొట్టాలు పెట్టారు.

"ఉప్పునీళ్ళే. కానీ లోపలి గదిలో సరుకే అనుకుని చెయ్యి. ఒక్కో బొట్టూ ఆ పళ్ళెంలోకి మార్చు. అయ్యాక నా గదికి రా."

లోయలోంచి పొగమంచు లేచి కిటికీ అద్దాలకి ఆనుకుంది. మెల్లగా చెట్లు పోయాయి, మెట్లు పోయాయి. లోకంలో ఆ బల్లా, తన రెండు చేతులే మిగిలినట్టు అనిపించింది హైమవతికి. నిద్రలో నడుస్తున్నట్టు పని చేసుకుపోయింది. ఒక్క బొట్టు తొణకలేదు. పుస్తకంలో చెప్పినట్టే గ్లవుజులు లోపలివైపు బయటికి వచ్చేలా తిప్పి తీసి, ఎర్ర డబ్బాలో పడేసింది.

"అయిందా అమ్మా?" పక్కగదిలోంచి ఆయన గొంతు. "తాళంచెవి తీసి పెట్టాను."

కుళాయి వైపు పడబోయిన అడుగు అటునుంచి అటే గుమ్మం వైపు తిరిగింది. ఆ మాట కోసమే కదా ఇన్నేళ్ళూ కాచుకుంది!

దేవసహాయం గారు బూట్లు విప్పి, కాళ్ళు చిన్న పీటమీద పెట్టుకుని ఉన్నారు. కొత్త బూటు కరిచి మడమ పుండు పడింది. హైమవతి వంగి, రెండు చేతులతో ఆయన పాదాలు తాకి కళ్ళకద్దుకుంది. మంచి పని మొదలుపెట్టేముందు గురువుకి దణ్ణం పెట్టకపోవడం వాళ్ళింటా వంటా లేదు. ఆయన ఎప్పుడూ కాళ్ళు వెనక్కి లాక్కునేవారు. ఈసారి లాక్కోలేదు.

"ఆ కర్టెన్ వేసి, లైటు ఆర్పమ్మా."

గది చీకటైంది. ఆయన సొరుగులోంచి చిన్న ఊదారంగు దీపం తీసి వెలిగించారు.

"గొట్టాలకి ఒక పొడి పూశాను. మామూలు వెలుగులో కనబడదు. గ్లవుజులు విప్పేటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా వేళ్ళకి అంటుతుంది."

గది నిండా మిణుగురులు లేచాయి. తలుపు గడియ మీద పచ్చగా ఒకటి, కర్టెన్ అంచున రెండు, ఆమె మణికట్టు చుట్టూ ఒక సన్నని గీత. అంత అందంగా ఉంటే ముందు ఆమెకి నవ్వొచ్చింది. బీరువా అద్దంలో చూసుకుంటే తన కనురెప్పలు రెండూ వెలుగుతున్నాయి. సిగ్గేసింది కానీ బెదరలేదు. తను టీకాలు వేయించుకున్న మనిషి.

దీపం మెల్లగా కిందికి దిగింది.

ఆయన పాదాల మీద పది వేలిముద్రలు. ఒకటి సరిగ్గా పుండు అంచున ఉంది.

మడమ నుంచి పిక్క, పిక్క నుంచి తొడలోని లావు నరం, అక్కణ్ణుంచి వెన్నుపాము, ఆపైన మెదడు. ఆ దారి ఆమెకి కొట్టినపిండి. కాపలా లేని మనిషిలో ఆ దారిని మాత్రం ఇదే మొదటిసారి చూడటం. అవి ఉప్పునీళ్ళేనని తెలుసు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోయి, చేతిని గాల్లోనే ఆపేసింది.

"నాకొద్దు సార్ తాళంచెవి."

ఆయన లేచి, కుంటుతూ ఆమెని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళారు. మోచేత్తో కుళాయి తిప్పి, ఆమె అరచేతిలో సబ్బు పెట్టారు.

"రేపు మళ్ళీ పన్నెండు గొట్టాలు పెడతాను," అన్నారు. ఆమె వేళ్ళ సందులు కూడా రుద్దుకునేదాకా చూసి, మళ్ళీ అన్నారు:

"భక్తి అయినా సరే, చేతులు కడుక్కునే రావాలమ్మా."